పెద్దగా ఏడవని సినిమా: ఇద్దరు ఆడవాళ్లు, ఒక చావు, ఒక సంతకం

ఆడవాళ్ల దుఃఖం మీద తక్కువ గొంతుతో సినిమా తీయాలనుకునేవాళ్లు ఎక్కువగా ఒకేచోట దెబ్బతింటారు. క్షమించే సీను బాగా రాసుకుంటారు. ఆ క్షమకి ఆమె చేతి నుంచి ఏం జారిపోతుందో మాత్రం రాసుకోరు. మొగుడు పోయినదానికి కోపం ఒక ఆసరా. పొద్దున్నే లేచి పని చేసుకోవడానికి అదే ఊతం. క్షమించిన రోజున అది కూడా పోతుంది. ఈ సంగతి స్క్రిప్టు మొదటి పేజీ నుంచి మీకు తెలిసి ఉంటే మిగతా పనంతా దారిలో పడుతుంది.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక కథ పెట్టుకుందాం. జగిత్యాల దగ్గర ఒక ఊరు. రజితకి 26 ఏళ్లు, బీడీల పని చేస్తుంది. భర్త సౌదీలో లేబర్ క్యాంపులో గొడవ జరిగి చనిపోయాడు. అదే గదిలో ఉండే కోనసీమ కుర్రాడు, రాజోలు వైపువాడు, హత్య కేసులో జైల్లో ఉన్నాడు. వాడి తల్లి సత్యవతి, 54 ఏళ్ల మనిషి, క్షమాపత్రం మీద రజిత సంతకం కోసం ఊరు వెతుక్కుంటూ వస్తుంది. వచ్చాక అసలు పని చెప్పలేక, చుట్టపుచూపుగా వచ్చానని చెప్పి పక్కింట్లో దిగుతుంది.

ముందు చట్టం తేల్చుకోండి

కథ ఇక్కడ జరిగితే ఒక రకం, గల్ఫ్‌లో జరిగితే ఇంకో రకం. మన దేశంలో హత్య కేసుని చనిపోయినవాడి భార్య క్షమించి కొట్టేయించలేదు. కేసు నడిపేది ప్రభుత్వం. రాజీ పడదగ్గ నేరాల పట్టిక భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో ఉంది, పాత సీఆర్‌పీసీలో ఇదే 320. హత్య అందులో లేదు. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం కూడా లేదు. కోర్టులో ఆమె లేచి నిలబడి "నేను క్షమించాను" అనగానే జడ్జి వదిలేసే సీను రాశారంటే, తెలిసిన ప్రేక్షకుడు అక్కడితో మీ సినిమాని నమ్మడం మానేస్తాడు. ఇక్కడి కథలో క్షమకి చట్టబలం లేదు, అది మనసుకి సంబంధించిన విషయం మాత్రమే. దాంతో కూడా మంచి సినిమా తీయొచ్చు, కాకపోతే అది వేరే సినిమా.

సౌదీలాంటి చోట్ల చనిపోయినవాడి వారసులకి మూడు దారులుంటాయి: ప్రాణానికి ప్రాణం అడగడం, దియా అనే రక్తపరిహారం తీసుకోవడం, ఏమీ తీసుకోకుండా క్షమించడం. కథ కట్టేటప్పుడు రెండు విషయాలు మర్చిపోకండి. ఒకటి, ఆ హక్కు భార్య ఒక్కదానిదే కాదు. తల్లిదండ్రులు, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. అంటే మీ కథలో అత్తగారు ఊరికే సాధించే మనిషి కాదు, ఆమె వేలిముద్ర కూడా కావాలి. రెండు, క్షమాపత్రం వెళ్లినా ప్రభుత్వం తరఫు శిక్ష కింద కోర్టు కొన్నేళ్ల జైలు వేయొచ్చు. సంతకం అయిన మర్నాడే కొడుకు విమానం దిగడు. మన దగ్గరే చూడండి, సిరిసిల్ల ప్రాంతంవాళ్లు ఒక నేపాలీ మనిషి మరణం కేసులో ఏళ్ల తరబడి దుబాయ్ జైల్లో ఉండి 2024లో ఇల్లు చేరారు.

ఆ కాగితం ఎలా తయారవుతుందో సినిమాలో చూపించండి. స్టాంపు పేపరు మీద రాత, నోటరీ ముందు సంతకాలు, సాక్షులు, అరబ్బీ అనువాదం, విదేశాంగ శాఖ ముద్ర. ప్రతి మెట్టు దగ్గరా సత్యవతి ఏదో ఒకటి ఖర్చు పెట్టాలి: బస్సు చార్జీ, చెవిదిద్దులు, ఒక రాత్రి బస్టాండులో నిద్ర. ఆఫీసుల వరండాల్లో ఆమె కూర్చునే తీరులోనే రోజులు గడవడం తెలుస్తుంది. "ఆరు నెలల తర్వాత" అని తెరమీద అక్షరాలు వేయాల్సిన పని ఉండదు.

వాడు చేశాడా, లేదా

దీన్ని తప్పించుకోవాలని చాలామంది చూస్తారు. కుర్రాడు నిర్దోషి అని చివర్లో తేలిస్తే మీరు తీసింది క్షమ సినిమా కాదు, పొరపాటు దిద్దిన సినిమా. తప్పు లేనివాణ్ణి క్షమించడానికి ఏముంటుంది? మరోవైపు, వాణ్ణి పచ్చి దుర్మార్గుణ్ణి చేస్తే తల్లి మీద జాలి పుట్టదు. చేసినవాడు చేసినట్టే ఉండాలి, కానీ ఆ చేసింది ఒక క్షణంలో, ఒక మనిషి చేయగలిగిందిగా ఉండాలి.

ఆ రాత్రి గదిలో ఏం జరిగిందో మీరు రెండు పేజీల్లో పూర్తిగా రాసుకోండి: ఎంత మంది ఉన్నారు, ఏ అప్పు గురించి మాట పెరిగింది, చేతికి ఏం దొరికింది, దెబ్బ ఎక్కడ తగిలింది. రాసి పక్కన పెట్టేయండి. తెరమీద చూపించొద్దు. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ గొడవ చూపించారంటే సినిమా ఆ ఇద్దరు మగాళ్లదైపోతుంది. ఈ ఇద్దరాడవాళ్లకి తెలిసింది ఫోనులో విన్న నాలుగు ముక్కలే. ప్రేక్షకుడికి కూడా అంతే తెలియాలి.

ఊరు, ఎండ

2006లో నాగేశ్ కుకునూర్ తీసిన హిందీ సినిమా డోర్‌కి మూలం 2004లో కమల్ తీసిన మలయాళ సినిమా పెరుమళక్కాలం. మలయాళంలో పేరులోనే పెద్దవాన ఉంది. హిందీకి వచ్చేసరికి అదే బాధ రాజస్థాన్ ఎడారిలో పడింది. కథ మారకపోయినా మనుషుల ఒళ్లు మెసిలే తీరు మారిపోయింది. వానలో మనిషి ముడుచుకుంటుంది, ఇసుకలో ఆమె దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే సీన్లు రాయకముందే రుతువు తేల్చుకోండి.

మన కథకి ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుంటుంది, ఇద్దరాడవాళ్లు ఒకే వసారాలో ఇరుక్కుపోతారు. వాళ్లని ఒకచోట చేర్చడానికి వేరే సాకు వెతకక్కర్లేదు, ఎండే ఆ పని చేస్తుంది. కష్టమేమిటంటే ఉదయం ఆరు నుంచి పదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకే బయట పని అవుతుంది. మధ్యలో ఇంటి లోపలి సీన్లు పెట్టుకోండి. సింక్ సౌండ్, అంటే మాట షూటింగ్‌లోనే రికార్డు చేస్తాం కాబట్టి ఫ్యాను ఆపాల్సిందే, నటుల ముఖం మీద చెమట నిజంగానే పడుతుంది. దాన్ని తుడిపించకండి.

పేజీల లెక్క

పేజీకి ఒక నిమిషం చొప్పున 100 పేజీలు చాలు, సీన్లు 60కి అటూ ఇటూగా. చావు కబురు 8వ పేజీలోపు రావాలి. సత్యవతి 20 దగ్గర బస్సు దిగుతుంది. ఇద్దరూ ఎదురుపడేది 34 దగ్గర, అంతకంటే ముందొద్దు. ఒకరి గురించి ఒకరు ఊహించుకునే వ్యవధి ప్రేక్షకుడికి ఇవ్వాలి. ఇంటర్వెల్ 50 దగ్గర, రజిత తన చాటలోంచి సగం బీడీ ఆకు తీసి సత్యవతి ముందు పెట్టినచోట వేయండి. ఆమె ఎవరో ప్రేక్షకుడికి తెలుసు, రజితకి తెలియదు. పెద్ద మలుపు లేకపోయినా జనం కుర్చీల్లోకి తిరిగొస్తారు. నిజం బయటపడేది 72 దగ్గర, సంతకం 90 దగ్గర. మిగతా పది పేజీలూ సంతకం తర్వాతి బతుకు. ఈ పది పేజీలు కోసేయమని మీకు చాలామంది చెబుతారు. కోయకండి. ఆమె ఏం పోగొట్టుకుందో కనిపించేది అక్కడే.

ఇంకొక నిజం కథకి బాగా పనికొస్తుంది. కేసు ఉన్న మరణాల్లో శవం వెంటనే రాదు. పోలీసు, కోర్టు అనుమతులు, మరణ ధ్రువపత్రం, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ పత్రం అన్నీ కావాలి, దానికి వారాలు, నెలలు పట్టొచ్చు. కబురు వచ్చిన రోజు ఒక ఏడుపు, పెట్టె వచ్చిన రోజు ఇంకో ఏడుపు. మొదటి రోజు ఊరంతా వస్తుంది, రెండోసారి సగమే వస్తారు. ఆ తేడా ఒక్కటి చూపిస్తే చాలు. పెట్టె వచ్చేది శంషాబాద్ కార్గో టెర్మినల్‌కి. ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర పూలదండలతో ఎదురుచూసే షాట్ తీస్తే తప్పు. పెట్టెలో 70 కిలోల ఇసుక బస్తాలు వేయండి. ఖాళీ పెట్టెని నలుగురు మోస్తే భుజాలు అబద్ధం చెప్పేస్తాయి.

మాట

నిజం బయటపడే సీను చాలా స్క్రిప్టుల్లో ఇలా ఉంటుంది: "నా కొడుకుని క్షమించు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను." "నా పసుపుకుంకాలు తుడిచినోన్ని ఎట్ల క్షమించాలె?" ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. కానీ ఆ రెండు వాక్యాల తర్వాత ప్రేక్షకుడికి ఏ పనీ మిగలదు.

అదే సీను ఇలా చూడండి. మధ్యాహ్నం, వసారా. రజిత తడిగుడ్డలోంచి ఒక్కో ఆకు తీసి, పైన రేకు ముక్క పెట్టి కత్తెరతో కొలతకి కోస్తోంది.

రజిత: నీ కొడుకుకు ఏమిష్టం పెద్దమ్మా?

సత్యవతి: చేపల పులుసమ్మా. చెయ్యడం కూడా నేర్చేసుకున్నాడు.

కత్తెర ఆగుతుంది.

రజిత: మా ఆయన ఫోన్ల చెప్తుండె. రూముల ఒక పిలగాడు చేపల పులుసు మంచిగ చేస్తడని.

మళ్లీ కత్తెర. ఆకు వంకరగా తెగుతుంది. ఆమె దాన్ని పక్కన పడేయకుండా మంచి ఆకుల్లోనే పెడుతుంది.

ఎవరూ ఏదీ ఒప్పుకోలేదు, అయినా ఇద్దరికీ తెలిసిపోయింది. వంకర ఆకు సంగతి స్క్రిప్టులో రాసి ఉండాలి. "రజిత మౌనంగా బాధపడుతుంది" అని రాస్తే నటికి చేయడానికి ఏమీ ఉండదు. మౌనం ఉన్న ప్రతి చోటా చేతులకి ఒక పని రాయండి. ఆ పని ఏ క్షణంలో తప్పుతుందో కూడా రాయండి.

యాస విషయంలో సగం సగం పని చేయొద్దు. రజితది జగిత్యాల మాట, సత్యవతిది కోనసీమ మాట. ఇద్దరివీ ఒకే రచయిత రాస్తే ఒకటి తప్పకుండా బొమ్మలా ఉంటుంది. రెండో యాస ఆ ప్రాంతపు మనిషి చేత చెప్పించి, రికార్డు చేసి, అందులోంచి రాసుకోండి. రజిత ఆమెని "పెద్దమ్మా" అంటుంది. ఆమె "అమ్మాయ్" అంటూ మొదలుపెట్టి, రోజులు గడిచాక "తల్లీ" అంటుంది. నిజం తెలిసిన తర్వాత రజిత వరసపెట్టి పిలవడం మానేస్తుంది, "నువ్వు" అని కూడా అనదు, పిలుపు లేకుండానే మాట్లాడుతుంది. మళ్లీ "పెద్దమ్మా" ఎక్కడ అనిపిస్తారో అదే మీ సినిమాలో క్షమ. నోటరీ ఆఫీసులో సంతకం దాని తర్వాతే రావాలి. ఈ క్రమం తిప్పితే సంతకం డాక్యుమెంటరీలా మిగిలిపోతుంది.

ఒళ్లు, బట్ట, గాజులు

ఈ ప్రాంతంలో ఇప్పుడు భర్త పోయిన ఆడవాళ్లు తెల్లచీర కట్టుకోవడం పెద్దగా కనిపించదు. మామూలు రంగు చీరలే. తీసేసినవి కనిపించాలి: పుస్తెలు, మెట్టెలు, గాజులు, బొట్టు. ఏ రోజున, ఎక్కడ, ఎవరి చేత తీయిస్తారనేది కులాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. పాత సినిమాలు చూసి రాసుకోకుండా, ఆ ఊళ్లో పెద్దవయసు ఆడవాళ్లని అడిగి రాసుకోండి.

మెట్టెలు ఏళ్లుగా ఉన్న వేలికి ఒక నొక్కు ఉంటుంది, అక్కడ చర్మం తెల్లగా ఉంటుంది. మేకప్‌తో చేస్తే దగ్గరి షాట్‌లో గీతలా కనిపిస్తుంది. రజిత వేసే నటికి షూటింగ్‌కి ఆరేడు వారాల ముందే వెండి మెట్టెలు పెట్టించి, ఎండలో చెప్పులు లేకుండా తిరగమనండి. తీసిన రోజు షాట్ ఆ రోజే తీయండి, రెండు మూడు రోజులాగితే నొక్కు మానిపోతుంది. నుదుటి మీద బొట్టుబిళ్ల మచ్చ కూడా ఇంతే.

మట్టిగాజులు సౌండువాళ్లకి తలనొప్పి. మాట మధ్యలో గలగలమంటాయి, బట్టకి తగిలించే ల్యాపెల్ మైకుకి ఇంకా ఎక్కువ. అందుకని కొందరు మొదటి సీన్లలోనే తీయించేస్తారు. ఇది పెద్ద నష్టం. మొదటి ఎనిమిది పేజీల్లో గాజులు ఉండాల్సిందే. మాటకి బూమ్, అంటే కర్రకి కట్టి పైనుంచి పట్టే మైకు వాడండి, పెద్ద కదలికలు మాటల మధ్య ఖాళీల్లో పెట్టండి, గాజుల చప్పుడు విడిగా రెండు నిమిషాలు రికార్డు చేయండి: గరిటె తిప్పడం, గిన్నె తోమడం, గడియ తీయడం. తర్వాత అవే మూడు పనులు, అదే లెన్సుతో, అంతే నిడివిలో, గాజులు లేకుండా ఇంకోసారి తీయండి. ఏదో తగ్గిందని ప్రేక్షకుడి చెవికి ముందు తెలుస్తుంది, కారణం తర్వాత తట్టుతుంది. ఇలాంటి చోట సంగీతం వేస్తే మొత్తం పోతుంది.

రిహార్సల్ పది రోజులు పెట్టుకోండి, కానీ 34వ పేజీ సీను తీసేవరకు ఇద్దరు నటీమణుల్నీ విడివిడిగా ఉంచండి. మొదటి చూపులో ఉండే కొత్తదనం రెండో టేక్‌కే సగం పోతుంది. ఆకు కోయడం మాత్రం రజిత నటి నెల రోజులు నేర్చుకోవాలి. చేతులకేసి చూడకుండా కోయగలిగితేనే ఆమె కళ్లు మీకు దొరుకుతాయి.

గ్లిజరిన్ సెట్లోకి రానివ్వొద్దు. సినిమా మొత్తానికి ఒక్కసారి ఏడవాలి, అది కూడా సంతకం దగ్గర కాదు, ఆ తర్వాతి పది పేజీల్లో, ఏ కారణమూ లేని చోట. నీళ్లు మోసుకొస్తూనో, బస్సులో టికెట్టు తీసుకుంటూనో. కోపం ఆసరా పోయిన మనిషి అలాంటి చోటే కూలబడుతుంది.

కెమెరా, కోత

వీళ్లు రోజులో ఎక్కువసేపు నేలమీద కూర్చుంటారు. కెమెరా నిలబడిన మనిషి ఎత్తులో ఉంటే వాళ్లని పైనుంచి చూస్తున్నట్టుంటుంది, జాలిగా కనిపిస్తారు. లెన్సు నేలకి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉంచండి. 35, 50 ఎంఎం లెన్సులు రెండూ చాలు. మొదటి సగంలో ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పెట్టండి. నిజం తెలిశాక విడదీయండి. "పెద్దమ్మా" అన్న పిలుపు దగ్గర మళ్లీ ఒక ఫ్రేములోకి తీసుకురండి. రోజుకి మూడు నుంచి మూడున్నర పేజీల చొప్పున 30 రోజులు పడుతుంది. తొందరపడి నాలుగున్నర పేజీలు పెట్టుకుంటే ముందు పోయేది మౌనాలే, ఎందుకంటే కాగితం మీద అవి ఒక్క లైనే.

ప్రతి గదిలో ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మౌనాన్ని సాగదీయాలంటే అదే కావాలి, లేకపోతే కోసినచోటల్లా వెనక హోరు తెగుతుంది. మాట ముగిశాక మూడు సెకన్లు వదలండి, కానీ ప్రతి మాటకీ కాదు. అన్ని సీన్లూ నెమ్మదిగా నడిస్తే ఏ ఆగడానికీ బరువుండదు. ఆఫీసు సీన్లు, బస్సు సీన్లు చకచకా కోసేయండి, మిగిలిన సమయం వసారాకివ్వండి.

సర్టిఫికెట్ దగ్గర ఆగిపోకుండా

బీడీల పని పెట్టుకున్నారు కాబట్టి ఇది ముందే చూసుకోండి. పొగాకు ఉత్పత్తి తెరమీద ఉన్నంతసేపూ కింద హెచ్చరిక అక్షరాలు పడాలి. ఆరంభంలో, మధ్యలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య చిత్రాలు, 20 సెకన్ల ప్రకటన కూడా ఉండాలి. అంటే మీ మౌనమైన షాట్లన్నిటి కిందా అక్షరాలు. దీనికో దారి ఉంది: రజిత పనిలో ఆకు వంతు మాత్రమే చూపించడం. ఆకు నానబెట్టడం, తడిగుడ్డలో చుట్టిపెట్టడం, రేకు పెట్టి కోయడం. తంబాకు నింపడం, చుట్టడం, కట్ట కట్టడం ఫ్రేము బయట జరిగిపోవాలి. కార్ఖానాలో బీడీ కట్టలు తప్పనిసరిగా కనిపించే ఒకటి రెండు సీన్లలో ఫ్రేము కింది భాగం ఖాళీగా ఉండేలా షాట్ పెట్టుకోండి, అక్షరాలు ముఖం మీదికి రావు.

దినాల్లో పిట్టకి పెట్టే సీనుంటే కాకిని వాడే ముందు జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. షూటింగ్ అయ్యాక గుర్తొస్తే సెన్సారు దగ్గర నెలలు పోతాయి. విస్తరి, ఎదురుచూసే ముఖాలు, ఎక్కడో కాకి అరుపు, ఈ మూడూ సరిపోతాయి. 2024 నిబంధనలతో యూఏ సర్టిఫికెట్ 7, 13, 16 ఏళ్ల వయసుల వారీగా విడిపోయింది. దరఖాస్తు పెట్టేటప్పుడు గొడవ, చావు మాటల్లోనే వినిపిస్తాయని, తెరమీద లేవని సారాంశంలో స్పష్టంగా రాయండి.